డబ్బాలో పుంటికూర, మూత కింద గాలి

పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, మట్టి కూడా అక్కర్లేదు, డబ్బాలో నీళ్లు పోసి కూరాకు పండించుకోవచ్చని ఈమధ్య ఫోను తెరిస్తే ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మాట అబద్ధం కాదు. కాకపోతే అందరూ నీళ్ల గురించే చెబుతారు. డబ్బాలో మొక్క బతుకుతుందా, కుళ్లుతుందా అన్నది తేల్చేది మాత్రం గాలి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ నుంచి విడివడ్డ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నీళ్లు, ఎండలు, చెరువులు, రైస్ మిల్లులు, కోతులు అన్నీ లెక్కలో వేసుకుని ఏరిన విశేషాలివి.

వరి మునిగినా బతుకుతుంది, మిరప ఎందుకు చస్తుంది?

2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకరను వరద ఊడ్చుకుపోయింది. ఆ వానలకే మహబూబాబాద్ జిల్లాలో పత్తి, మిరప చేలల్లో నీళ్లు నిలిచాయి. నీళ్లు నిలిచిన మిరప ఎండకు వాడినట్టే వాడుతుంది. చుట్టూ నీళ్లే ఉన్నా మొక్క దాహంతో తల వాల్చడం వింతగా ఉంటుంది కానీ కారణం సూటిగానే ఉంది. వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. నేలలోని సన్నని సందులన్నీ నీటితో నిండితే దానికి ఆక్సిజన్ అందదు, ఊపిరాడని వేరు నీళ్లు తోడలేదు.

లెక్క చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో కరిగి ఉండేది ఏడెనిమిది మిల్లీగ్రాములే. పైగా ఆక్సిజన్ గాలిలో కదిలినంత వేగంగా నీటిలో కదలదు, దాదాపు పదివేల రెట్లు నెమ్మది. వరి ఈ చిక్కును పుట్టుకతోనే దాటేసింది. దాని కాండంలో, వేళ్లలో గాలి నడిచే ఖాళీలుంటాయి. పైనుంచి గాలి వాటి గుండా బురదలోని వేరు కొస దాకా దిగుతుంది. మిరపకు, టమాటాకు అలాంటి ఏర్పాటు పెద్దగా లేదు. డబ్బాలో వాటిని పెంచాలంటే ఆ గాలి దారిని మనమే ఇవ్వాలి.

మళ్లీ నిండా పోయొద్దు

ఏర్పాటు చాలా చిన్నది. డబ్బా మూతకు ఒక రంధ్రం, అందులో చిల్లుల కప్పు, కప్పులో గుప్పెడు కొబ్బరిపొట్టు, దానిలో నారు. కప్పు అడుగు సెంటీమీటరో రెండో మునిగేలా ఎరువు కలిపిన నీళ్లు. అంతే, ఇక రోజూ మూత తీసే పని లేదు.

మొక్క తాగే కొద్దీ నీటి మట్టం దిగుతుంది. నీటికీ మూతకూ మధ్య తేమ గాలి పెరుగుతూ పోతుంది. ఆ ఖాళీలో వేలాడే వేళ్ల తీరు మారిపోతుంది. అవి సన్నగా, గుబురుగా, నూగు పట్టినట్టు తయారై గాలి పీలుస్తాయి. అడుగున మునిగి ఉన్నవి నీళ్లు, ఎరువు తీసుకుంటాయి. ఒకే మొక్క వేళ్లు పని పంచుకుంటాయన్న మాట. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మట్టం తగ్గింది కదా అని జాలిపడి అంచు దాకా పోస్తారు. గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగిపోయి, కొద్ది రోజుల్లోనే మొక్క వాలిపోతుంది. పొయ్యక తప్పకపోతే సగానికి మించనివ్వకూడదు. మొక్కకు నీళ్లు ఎక్కువ పోసి చంపడం మనకు కుండీల దగ్గర్నుంచీ ఉన్న అలవాటే.

హవాయి, తైవాన్, పటాన్‌చెరు

ఈ పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు క్రాట్కీ పద్ధతి. హవాయి విశ్వవిద్యాలయంలో కూరగాయల శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ దీన్ని ఏళ్ల తరబడి మెరుగుపరిచాడు. లెట్యూస్ అనే ఆకుకూర మీద ఆయన 2009లో ప్రచురించిన పత్రం చదివితే ఆశ్చర్యమేస్తుంది. నాటిన రోజున పోసిన నీళ్లతోనే పంట చేతికొస్తుంది, మధ్యలో చేసే పనేమీ లేదు. ఒక్కో మొక్కకు దాదాపు నాలుగు లీటర్ల డబ్బా, ఐదారు వారాల కాలం సరిపోతాయి.

కానీ ఆలోచన ఆయన ఒక్కడిది కాదు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రంలో ఇమాయ్ అనే శాస్త్రవేత్త 1987లోనే నీళ్లు తిప్పని సేద్యం గురించి రాశాడు. మరుసటి ఏడాది టమాటా మీద వచ్చిన పత్రంలో క్రాట్కీ, ఇమాయ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ తైవాన్ కేంద్రానికి దక్షిణాసియా కార్యాలయం ఎక్కడుందో తెలుసా? మన పటాన్‌చెరులో, ఇక్రిశాట్ ఆవరణలో. జనగామలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడ దిగొచ్చు.

మురికి నీళ్ల పుదీనా

నీటిలో మొక్క పెంచి, తూచి, రాసిపెట్టిన తొలి ప్రయోగాల్లో ఒకటి పుదీనా మీద జరిగింది. ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కలను వాన నీటిలో, ఊట నీటిలో, థేమ్స్ నది నీటిలో, తోట మట్టి కలిపిన నీటిలో పెట్టి ఎదుగుదల కొలిచి, ఫలితాలను 1699లో ప్రచురించాడు. తేటగా ఉన్న నీటిలో కంటే మట్టి కలిసిన నీటిలో మొక్క ఎక్కువ బరువు తూగింది.

అంతకు ముందు దాకా వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త మాటే చెల్లింది. ఆయన 200 పౌన్ల మట్టిలో ఐదు పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు వాన నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లైంది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. చెట్టంతా నీటితోనే తయారైందని తేల్చేశాడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. తగ్గిన ఆ రెండు ఔన్సులను కూడా ఆయన పట్టించుకోలేదు. ఈ రోజు దుకాణంలో మనం కొనే నీటి సేద్యపు ఎరువు పొట్లం ఆ రెండు ఔన్సులకు వారసురాలే.

మొక్కకు తప్పనిసరి మూలకాలు 17 అని ఇప్పటి లెక్క. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచి, నీటి నుంచి దొరుకుతాయి. మిగతా 14 వేరు తెచ్చుకోవాలి. లెక్కలో చివరగా చేరింది నికెల్, 1980ల్లో.

నిచ్చెనెక్కి కోసిన టమాటాలు

1930ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరికె నీటి తొట్లలో పెంచిన టమాటా తీగలు 25 అడుగులు పాకాయి. నిచ్చెన వేసుకుని కోస్తున్న ఫోటోలు పత్రికలకెక్కేసరికి ఊరూరా పిచ్చి పట్టింది. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లండ్, ఆర్నన్ అనే ఇద్దరు ఈ సంగతి తేల్చుకుందామని కూర్చుని, మంచి నేలలో వచ్చే దిగుబడి కంటే నీటిలో వచ్చేది గొప్పేమీ కాదని 1938లో రాశారు. ప్రపంచం మాత్రం వాళ్ల హెచ్చరికను మరిచిపోయి, ఆ పుస్తకంలోని ఎరువు పాళ్లను పట్టుకుంది. హోగ్లండ్ ద్రావణం లేని వ్యవసాయ కళాశాల ప్రయోగశాల ఇవాళ కనిపించడం కష్టం.

హోగ్లండ్ చెప్పిన సంగతి ఈనాటికీ పనికొస్తుంది. మంచి చెల్క ఉన్నవాడు డబ్బా పట్టుకోనక్కర్లేదు. ఇది నేల లేనివాళ్ల కోసం: మేడ మీద అద్దెకున్నవాళ్లు, క్వార్టర్స్‌లో ఉన్న సింగరేణి కార్మికులు, ముందు సిమెంటు వెనక ప్రహరీ తప్ప ఏమీ మిగలని కొత్త ఇళ్లవాళ్లు.

కాలింపాంగ్‌లో మొదలు

మన దేశంలో మట్టి లేని సేద్యానికి పునాది పడింది బెంగాల్ కొండల్లో. జేమ్స్ షోల్టో డగ్లస్ 1946లో కాలింపాంగ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టి, 1951లో ‘బెంగాల్ సిస్టమ్’ పేరుతో పుస్తకం తెచ్చాడు. ఆయన పట్టుదల ఒక్కటే, పల్లెలో దొరికే సామానుతో జరగాలి, యంత్రాలుండకూడదు. గులకరాళ్లు, ఇసుక నింపిన తొట్లలో చేత్తో నీళ్లు పోసేవాడు. హైదరాబాద్‌లో ఇప్పుడు అర్బన్ కిసాన్ లాంటి సంస్థలు దీపాల వెలుగులో అరల మీద ఆకులు పండిస్తున్నాయి. చూడటానికి బాగుంటుంది. కరెంటు పోతే గంటల్లో వాడే ఆ అరల పంట కంటే, వేసవిలో ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఊళ్లకు డగ్లస్ దారే నయమని నా అభిప్రాయం.

ఏనెబావివాళ్లు ఒప్పుకుంటారా?

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న ఊరుంది. ఊరంతా కలిసి రసాయన ఎరువులూ పురుగుమందులూ మానేస్తున్నామని 2005-06 ప్రాంతంలో ప్రకటించుకుని పేరు తెచ్చుకుంది. ఇప్పటికీ సేంద్రియం అనగానే చెప్పుకునే ఊళ్లలో అదొకటి. ఇక డబ్బా సేద్యం విషయానికొస్తే, అందులో పోసేవన్నీ రసాయన లవణాలే: కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్, పొటాష్, సూక్ష్మ పోషకాలు. పురుగుమందు కొట్టని ఆకు అనొచ్చు కానీ సేంద్రియం అనకూడదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం నేలలో పండనిదానికి సేంద్రియ ముద్ర పడదు. అమెరికాలో పడుతుంది, దాని మీద అక్కడ కోర్టు కేసులు కూడా నడిచాయి. జీవామృతం పోస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. మట్టిలో ఆ పని సూక్ష్మజీవులు చేస్తాయి. కదలని నీటిలో అవే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తాయి, డబ్బా రెండు రోజుల్లో కంపు కొడుతుంది. మళ్లీ గాలి గొడవే.

మూడు పంతొమ్మిదులు చాలవు

ఎరువుల దుకాణంలో అందరికీ తెలిసిన నీటిలో కరిగే ఎరువు 19:19:19. అదొక్కటే కలిపి పెట్టేస్తే కొన్నాళ్లు పచ్చగా కనిపించి, తర్వాత కొత్త ఆకుల అంచులు మాడతాయి. దానిలో కాల్షియం లేదు. పైగా అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియాను మొక్క వాడుకునే రూపానికి మార్చే సూక్ష్మజీవులు మట్టిలో కోట్లుంటాయి, శుభ్రమైన డబ్బాలో ఉండవు. సంచి యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతుకు ఈ మాట వింతగా వినిపించవచ్చు కానీ డబ్బాలో యూరియాకు పెద్దగా విలువ లేదు. ఇక్కడ కావలసింది నైట్రేట్.

కాల్షియం నైట్రేట్‌ను తక్కినవాటితో చిక్కగా కలిపితే పాలు విరిగినట్టు తెల్లగా విరుగుతుంది, అడుగున జిప్సం పేరుకుంటుంది. అందుకని విడిగా కరిగించి, పలచబడ్డ నీటిలో చివరగా పోస్తారు. అన్నీ కలిపి లీటరుకు గ్రామున్నర లోపే. నాలుగు లీటర్ల డబ్బాకు పట్టే లవణమంతా ఒక టీస్పూనుకు కాస్త అటూఇటూ. చెంచాడు ఎక్కువేస్తే ఇంకా ఏపుగా వస్తుందనుకోవడం వద్దు, ఉప్పు ఎక్కువైన నీటిని వేరు లాక్కోలేదు.

ఏ నీళ్లు?

పాత నల్లగొండను ఆనుకున్న జనగామ వైపు బోర్లలో ఫ్లోరైడ్ బాధ పాతదే. అలాంటి నీరు సాధారణంగా క్షారగుణంతో ఉంటుంది, పీహెచ్ ఏడున్నర, ఎనిమిది దాకా పోతుంది. డబ్బా మొక్కకు నచ్చేది 5.5 నుంచి 6.5. పీహెచ్ ఎక్కువైతే నీటిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నిమ్మకాయ పిండితే తగ్గుతుందని చెబుతారు. తగ్గుతుంది, కానీ నిమ్మరసంలోని ఆమ్లాన్ని సూక్ష్మజీవులు తినేసి నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలతో సరిచేస్తే నిలుస్తుంది, చేతులకు తొడుగులు మాత్రం ఉండాలి.

తేలికైన దారి వాన నీళ్లు. భూపాలపల్లికి జనగామ కంటే వాన ఎక్కువ, పైకప్పు నీళ్లు రెండు డ్రమ్ములు పట్టుకుంటే చాలా డబ్బాలు నిండుతాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు కూడా పనికొస్తాయి, క్లోరిన్ పోయేలా రాత్రంతా మూత తీసి ఉంచితే చాలు. ఊళ్లో నీళ్ల ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాను నీళ్లు మొక్కకు బాగా సరిపోతాయి. కానీ ప్లాంటువాళ్లు ఒక క్యాను శుద్ధి చెయ్యడానికి ఇంకో క్యానుడైనా వదిలేస్తారని గుర్తుంటే, నీళ్లు మిగిల్చే సేద్యం అని చెప్పుకోవడానికి నోరు రాదు.

పెంబర్తి బిందెలో మాత్రం వద్దు

జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ బిందెలో పుదీనా పెట్టి వాకిట్లో ఉంచితే ఎంత అందం! కానీ పుల్లటి ఎరువు నీళ్లు ఇత్తడిలోని రాగిని, జింకును మెల్లగా కరిగిస్తాయి. హోగ్లండ్ ద్రావణంలో రాగి లీటరుకు 0.02 మిల్లీగ్రాములు, అంటే మొక్కకు కావలసింది అంత తక్కువ. అది దాటి ఎక్కువైతే వేళ్లు కురచబడి నల్లబడతాయి. జింకు పూత బకెట్‌కూ ఇదే మాట. అంత ముచ్చటగా ఉంటే బిందెలో ప్లాస్టిక్ డబ్బా దాచి పెట్టుకోవచ్చు. పాత నూనె డబ్బా, కూల్‌డ్రింక్ సీసా, చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె ఏదైనా సరే, వెలుతురు మాత్రం లోపలికి పోకూడదు. పోతే పాచి పడుతుంది. పాత పేపరు చుట్టినా చాలు. పురుగుమందు డబ్బా, రంగుల డబ్బా ఎంత కడిగినా వద్దు.

రోహిణి కార్తెలో ఏమవుతుంది?

20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల నీటిలో 7. తగ్గింది రెండే కదా అనిపిస్తుంది కానీ వేడి పెరిగితే వేరు ఊపిరి కూడా వేగమవుతుంది, పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు. అంటే అవసరం పెరిగినప్పుడే సరుకు తగ్గుతుంది. ఆ అదను చూసి వేరుకుళ్లు తెగులు దిగుతుంది. వీడియోల్లో మురిపించే లెట్యూస్ విత్తనం 30 డిగ్రీలు దాటితే సరిగ్గా మొలకే ఎత్తదు. బొగ్గు గనుల నేల భూపాలపల్లిలో మే నెల ఎండ సంగతి అక్కడివాళ్లకు చెప్పేదేముంది.

కాబట్టి కొత్తిమీర, పాలకూర, లెట్యూస్ కార్తీకం నుంచి మాఘం దాకా. ఎండలు ముదిరాక పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి. డబ్బా చుట్టూ తడి గోనెసంచి చుడితే లోపల నీళ్లు చల్లబడతాయి. మన రంజన్ చల్లబడేదీ అదే సూత్రంతో. అలాగని రంజన్‌లోనే ఎరువు నీళ్లు పోస్తే మట్టి గోడల్లోంచి ఊరి, బయట తెల్లటి ఉప్పు పెచ్చులు కడుతుంది.

ఊక పనికొస్తుంది, బూడిద పనికిరాదు

కొబ్బరిపొట్టు కోనసీమ నుంచి రావాలి. రైస్ మిల్లుల ఊక మనకు కావలసినంత దొరుకుతుంది. పూర్తిగా బూడిద కానివ్వకుండా నల్లగా కాల్చిన ఊకను జపాన్‌లో కుంతాన్ అంటారు, నారుకూ నీటి సేద్యానికీ వాడతారు. తేలిగ్గా ఉంటుంది, సందుల నిండా గాలి. కొత్తలో క్షారగుణం ఎక్కువ, రెండు మూడు సార్లు కడిగి వాడాలి.

ఇక చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం బూడిద. ఇటుకలకు మంచిదే, కూరాకుకు వద్దు. బొగ్గు బూడిదలో బోరాన్, ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి, పుల్లటి నీటిలో అవి కరిగి ఆకులోకి ఎక్కుతాయి.

తీజ్ బుట్టలు

మహబూబాబాద్ జిల్లా తండాల్లో శ్రావణమాసం వచ్చిందంటే తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు వేసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి, ఏపుగా లేచిన మొలకను చివరి రోజున నిమజ్జనం చేస్తారు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించేదీ ఇలాంటిదే. నిజానికి ఆ తొమ్మిది రోజుల్లో మొలక నేలను పెద్దగా అడిగేదేమీ లేదు, గింజలో తల్లి దాచిన తిండితోనే లేస్తుంది. డబ్బా సేద్యంలో కూడా అసలు ఆకులు తొడిగే దాకా ఎరువు అక్కర్లేదు, ఉత్త నీళ్లు చాలు. మైక్రోగ్రీన్స్ అని పేరుపెట్టి నగరంలో చిన్న డబ్బాలు అమ్ముతున్నది ఈ వయసు మొలకలనే.

కిలో మక్కలు ఆరు కిలోల గడ్డి, నిజమేనా?

పాడి రైతులకు ట్రేలలో మక్క గడ్డి పెంచే యంత్రాలు అమ్మేవాళ్లు కిలో మక్కలు వేస్తే వారంలో ఆరు కిలోల పచ్చగడ్డి అంటారు. తూకం నిజమే. కానీ ఆ ఆరు కిలోల్లో 80 శాతానికి పైగా నీళ్లు. ఎండబెట్టి తూస్తే మొదట వేసిన మక్కల కంటే కాస్త తక్కువే వస్తుంది, ఎందుకంటే మొలక ఆ వారమంతా ఊపిరి కోసం తన పిండినే ఖర్చు పెట్టింది. పచ్చిమేత దొరకని ఎండాకాలంలో గేదె ఇష్టంగా తింటుంది, విటమిన్లు పెరుగుతాయి, అంతవరకు సరే. మేత పెరిగిందనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే.

ధనియం ఒక్క గింజ కాదు

గుండ్రటి ధనియం అసలు ఒక కాయ, లోపల రెండు గింజలుంటాయి. పీట మీద పోసి చెప్పుతోనో రాయితోనో మెల్లగా నలిపితే రెండుగా విడుతుంది. మొలక తొందరగా వస్తుంది, రెట్టింపు వస్తుంది. కిరాణా దుకాణంలో వంటకు కొన్న ధనియాలూ మొలుస్తాయి, వేయించినవి తప్ప. కొత్తిమీర తల్లివేరు కదిలిస్తే అలుగుతుంది, అందుకని నారు తీసి నాటకుండా కప్పులోనే నేరుగా వెయ్యాలి. పుదీనాకు ఏ మర్యాదా అక్కర్లేదు. సంతలో కొన్న కట్టలోంచి నాలుగు గట్టి కాడలు ఏరి, కింది ఆకులు గిల్లి గ్లాసు నీళ్లలో పెడితే పది రోజుల్లోపే వేళ్లు దిగుతాయి. వాము ఆకు అంతకన్నా మొండిది.

శుక్రవారం చూడాల్సినవి

దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి ఎగిరే దాకా వారం, పది రోజులు. అందుకే వారానికోసారి నీళ్లు పారబొయ్యమని వైద్యశాఖవాళ్లు శుక్రవారం డ్రైడే పెట్టారు. కదలకుండా, చీకటిగా, శుభ్రంగా ఉండే డబ్బా నీళ్లు డెంగీ దోమకు కట్టించి పెట్టిన ఇల్లు. క్రాట్కీ కూడా తన తొట్ల గురించి రాసేటప్పుడు దోమల సంగతి వదలలేదు. కప్పుకూ మూతకూ మధ్య వేలు దూరే సందు లేకుండా దూదో స్పాంజో కుక్కాలి. గాలి కోసం చిల్లి పెడితే దాని మీద దోమతెర ముక్క. మూతెత్తి చూస్తే పురుగులు కదులుతున్నాయా, ఆ డబ్బా నీళ్లు అక్కడికక్కడే మట్టి నేల మీద పారబోసెయ్యాలి, మొక్క ఏమైనా సరే.

కోతులు

మూడు జిల్లాల్లోనూ పెరటి తోటలు మూలపడటానికి నీళ్ల కరువు కంటే కోతులే పెద్ద కారణమని ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. సొరకాయ పిందె పడనివ్వవు, జామకాయ పండనివ్వవు. డబ్బాకున్న సుగుణం అది కదలడం. గ్రిల్లు లోపలి వరండాలో, తూర్పు కిటికీ గట్టు మీద నాలుగైదు గంటల ఎండ పడే చోట సర్దుకుంటుంది. ఆకుకూరకు ఆ ఎండ చాలు, కాయకూరకు చాలదు.

చపాటా మిర్చి డబ్బాలో కాస్తుందా?

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఆ లావు ఎర్ర కాయ భూపాలపల్లి వైపు చేలల్లోనూ పండుతుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఇంట్లో ఒక మొక్క పెంచుకుందామంటే ఇరవై లీటర్ల బకెట్టుకు తగ్గకూడదు, ఆరు గంటలకు మించి నేరు ఎండ కావాలి. నెలల తరబడి ఉండే పంట కాబట్టి మధ్యలో నీళ్లు పొయ్యక తప్పదు, ప్రతిసారీ ఆ పై ఖాళీ కాపాడుకుంటూ సగం దాకే. టమాటా ఇంకా దాహం. కాపు మీదున్న పెద్ద మొక్క మంచి ఎండ రోజున లీటరు, రెండు లీటర్లు లాగేస్తుంది. ఒక టమాటా మొక్క పెట్టే శ్రమతో పది డబ్బాల పుదీనా తియ్యొచ్చు. మిర్చి మీద శాస్త్రీయంగా అడగాల్సిన సందేహాలుంటే మహబూబాబాద్ జిల్లా మల్యాలలో ఉద్యాన పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి.

చెరువులో ఎప్పుడూ ఉన్నదే

బంగ్లాదేశ్‌లో గుర్రపుడెక్కను పరుపులుగా పేర్చి నీటి మీద తేలే మడులు చేస్తారు. ఆ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2015లో వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కశ్మీర్ దాల్ సరస్సులో, బర్మా ఇన్లే సరస్సులో తేలే తోటలున్నాయి. కాకతీయుల నాటి బయ్యారం చెరువు, గణపసముద్రం ఉన్న మన వైపు అలాంటి అలవాటు లేదు కానీ చెరువు అంచున తూటికూర ఉంది. బోలు కాడలతో నీటి మీద పాకే ఈ కూరాకును ఆగ్నేయాసియాలో చాలా ఇష్టంగా తింటారు, డబ్బాలో కూడా తేలిగ్గా వస్తుంది. అదే గట్టున ఊదారంగు పూలతో నిలువుగా లేచే లొట్టపీసు దీని దాయాదే, ఆకూ పువ్వూ చూస్తే పోలికలు దొరుకుతాయి. అది విషం, మేకలు మేసినా జబ్బు పడతాయి. చెరువు దగ్గర తెంపేటప్పుడు తెలిసిన మనిషి పక్కనుండాలి. మురుగు కలిసే చెరువైతే తూటికూర కూడా తెంపొద్దు, నీటిలోని సీసం లాంటివాటిని అది బాగా పీల్చుకుంటుంది.

పంట కోశాక డబ్బా అడుగున మిగిలిన ఎరువు నీళ్లను బంతి మొక్కలకో, కరివేపాకు చెట్టుకో పొయ్యాలి. మోరీలో పోస్తే అది చివరికి చేరేది చెరువుకే. అక్కడ ఆ నైట్రేట్ కోసం గుర్రపుడెక్క కాచుకుని ఉంటుంది. దాని ఉబ్బెత్తు కాడను విరిచి చూడండి, లోపలంతా గాలి గదులే. రెండు వారాల్లో రెట్టింపయ్యే ఆ మొక్కకు ఎవరూ మూతకు చిల్లి పెట్టలేదు, మట్టం చూసి నీళ్లు పొయ్యలేదు.